మైంజ్ బిషప్‌ గారి మనసు

వేట నిషేధం నలభై మూడో రోజు.
బోట్లన్నీ జెట్టీకి కట్టేసుకుని
ఒకదాని భుజం మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.
ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీ మేడ మీద గదిలో
బిల్లు పుస్తకాలు మూసేసి నేను
పవిత్ర రోమను సామ్రాజ్యం తెరుస్తాను.

చక్రవర్తికి అరవై ఎనిమిదేళ్ళు.
ఆయన దగ్గు ఆటలో వినపడదు,
వయసు అంకె ఒక్కటే ఏటేటా కదులుతుంది.
ఆయన పోతే ఎవరన్నది
కొడుకు చేతిలో లేదు, కత్తి చేతిలో లేదు,
ఏడుగురి చేతిలో ఉంది.
ముగ్గురు బిషప్పులు, నలుగురు దొరలు.
నాలుగు చేతులు లేస్తే కిరీటం.

నాది మ్యాపులో కందిగింజంత సంస్థానం.
ఎనభై ఏళ్ళుగా, అంటే పదకొండు రాత్రులుగా,
వాళ్ళ మనసులు చిల్లర కూడబెట్టినట్టు కూడబెట్టాను.
కొలోన్‌కి బంగారం పంపాను.
సాక్సనీకి పిల్లనిచ్చాను,
ఆ పిల్ల పేరు నేనూ చదవలేదు.
బొహీమియా అప్పు తీర్చాను.
బ్రాండెన్‌బర్గ్ తిట్టినా నవ్వి ఊరుకున్నాను.

మైంజ్ బిషప్ ఒక్కడే తేలడు.
బాణం గుర్తు ఆయన డాలు మీద ఆనిస్తే
మనసంతా లెక్కల్లో విప్పుకుంటుంది:
పాత స్నేహానికి ఇరవై అయిదు,
కానుకకు పదిహేను,
సరిహద్దు తగిలినందుకు ఆరు తీసివేత,
ఎప్పుడో మా తాత చేసిన యుద్ధానికి
ఇంకా కరగని రెండు తీసివేత.
మనుషులకీ ఇలా కనిపిస్తే బావుణ్ణు.
ఐసు బాకీ ఎగ్గొట్టే తెడ్డు పరశయ్య నుదుటి మీద
బాణం ఆనించి చూసేదాన్ని.

అమ్మ ఎండుచేపల బుట్ట దించి నా వెనక నిలబడింది.
కీబోర్డు మీద వాలిన పోర్టు బొగ్గుపొడి కొంగుతో తుడిచింది.
"ఏటే, ఈ ఏడుగురూ ఎవులు?"
"రాజుని ఎన్నుకునేవోళ్ళు."
"మరి జనాలో?"
"జనాలు పన్ను కడతారమ్మా."
"అయితే సరే" అంది, ఇదంతా ఎరిగున్నదే అన్నట్టు.

ఆ రాత్రే మైంజ్ తేలాడు.
నాలుగో డాలు నా రంగుకి తిరిగింది.
ఒక్కదాన్నీ లేచి గదిలో రెండు గంతులేశాను.
ముసలి చక్రవర్తి బేగి పోవాలని దణ్ణం కూడా పెట్టాను.
పాపం, ఆయన నాకేం చేశాడు?

ముందు పోయింది ఆయన కాదు, నా రాజు.
వేటకెళ్ళి గుర్రం మీంచి పడ్డాడు.
ఆట ఒక చిన్న పెట్టె తెరిచి ఆ కబురు చెప్పి
కింద 'అయ్యో' అన్న చోట నొక్కమంది.
నొక్కాను.
గద్దె మీదికి కూతురొచ్చింది, పందొమ్మిదేళ్ళది.
పాలనలో ఆరుకి ఆరు, రాయబారంలో ఆరు, యుద్ధంలో అయిదు.
అలాంటి బుర్ర వందేళ్ళకొకటి పుడుతుంది.

నా నాలుగు డాళ్ళూ ఒక్క క్షణంలో రంగు మార్చుకున్నాయి.
మైంజ్ మీద బాణం ఆనించాను.
ఇరవై అయిదు అలాగే ఉంది. పదిహేనూ ఉంది.
అట్టడుగున కొత్తగా ఒక ఎర్ర గీత:
పాలకురాలు స్త్రీ. వెయ్యి తీసివేత.

అమ్మకి చదివి వినిపించాను.
మూడు బోట్ల వాటాలు కాగితం లేకుండా నోటి మీద నడిపే మనిషి.
సంఘం పుస్తకంలో ఆ వాటాలు
పోయి తొమ్మిదేళ్ళయిన నాన్న పేరునే ఉన్నాయి.
చేతికంటిన పొలుసు గోటితో గీక్కుంటూ
"వెయ్యేనా?" అంది.

మూడు నెలలు వెనక్కి వెళ్ళొచ్చు.
రాజుని వేటకి పంపకుండా ఆపొచ్చు.
వేలు ఆ బటను మీద చాలాసేపు ఆగింది.
యారాడ కొండ లైట్‌హౌసు వెలుగు
గోడ మీదుగా వస్తోంది, పోతోంది.

ఈసారి పేరు చదివాను. హెడ్విగ్.
నోరు తిరగడానికి మూడుసార్లు పట్టింది.
కానుకలకని దాచిన బంగారమంతా ఓడలకి పెట్టాను.
నా కందిగింజకి ఒక పక్క సముద్రముంది,
ఎనభై ఏళ్ళుగా బిషప్పుల ముఖాలు చూస్తూ
అటు చూడనే లేదు.

లైటు ఆర్పమంది అమ్మ.
ఇంకో పద్దెనిమిది రోజులు.